రింగు అందని షాట్లు

1997లో నేను చిత్తూరులో ఒక బాలికల జూనియర్ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేస్తున్నాను. ఆ ఉద్యోగం పేరు చెప్పగానే చాలామందికి విజిల్, డ్రిల్లు, జెండా వందనం గుర్తొస్తాయి. అవీ ఉంటాయి. కానీ నాకు ఇష్టమైన పని సాయంత్రం క్లాసులు వదిలాక మొదలయ్యేది. కాలేజీ వెనక సిమెంటు పోసిన బాస్కెట్‌బాల్ కోర్టు ఒకటి ఉండేది. ఒక మూల పగుళ్ళిచ్చి, వాన పడితే అక్కడ నీళ్ళు నిలిచేవి. రింగులకు కట్టిన వలలు కొన్ని నెలలకే చిరిగి వేలాడేవి. జిల్లాలో మంచి ఆటగత్తెలు చాలామంది ఆ కోర్టు మీదే తయారయ్యారు.

బాస్కెట్‌బాల్‌లో ఎవరు బాగా షాట్ వేస్తారో చెప్పడం చూసినంత సులువు కాదు. మ్యాచ్ అయ్యాక అందరూ అడిగేది ఎన్ని పాయింట్లు చేసిందని. ఇరవై పాయింట్లు చేసిన పిల్ల అందుకోసం నలభైసార్లు బంతి విసిరి ఉంటే జట్టుకు మేలు చేసినట్టా, కీడు చేసినట్టా? అందుకని వేసినవెన్ని, పడినవెన్ని అని చూస్తాం. దీన్ని ఫీల్డ్ గోల్ పర్సెంటేజ్ అంటారు. అందులోనూ ఒక మెలిక ఉంది. రింగుకు దూరంగా గీసిన వంపు గీత అవతలి నుంచి వేస్తే మూడు పాయింట్లు, లోపలి నుంచి వేస్తే రెండే. లోపలి నుంచి పది వేసి నాలుగు పడితే ఎనిమిది పాయింట్లు. బయటి నుంచి పది వేసి మూడే పడినా తొమ్మిది. శాతం చూస్తే మొదటి పిల్ల నయం, పాయింట్లు చూస్తే రెండో పిల్ల నయం. కాబట్టి బయటి నుంచి పడిన షాట్‌ను ఒకటిన్నరగా కట్టుకోవాలి. అప్పుడే ఎవరి చేతిలో బంతి ఉంటే జట్టుకు లాభమో తెలుస్తుంది.

ఈ లెక్కను నేను నేల మీదే వేసేదాన్ని. ఎవరైనా షాట్ వేశాక ఆట అవతలి వైపు పోగానే పరుగున వెళ్ళి, వేసిన చోట చాక్‌పీసుతో గుర్తు పెట్టేదాన్ని. పడితే సున్నా, పోతే ఇంటూ. ఇలా గుర్తులు పెట్టిన పటాన్ని షాట్ చార్ట్ అంటారు. మామూలుగా కోర్టు బొమ్మ గీసిన కాగితం మీద పెడతారు. నేల మీద పెడితే పిల్లలకు తమ ఆట తమ కాళ్ళ కిందే కనపడుతుందని నా నమ్మకం. మర్నాడు పొద్దున ఆయా వచ్చి ఊడ్చేదాకా అవి అక్కడే ఉండేవి.

ఆ ఏడాది సీనియర్ ఇంటర్‌లో హేమలత అని ఒక పిల్ల ఉండేది. ఐరాల దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్ళ నాయన మునిరత్నం చెరకు వేసి, సొంత గానుగలో బెల్లం వండేవాడు. హేమ అంత పొడవేమీ కాదు, బలంగానూ కనిపించదు. కానీ కుడివైపు, రింగుకు ఏటవాలుగా, మూడు పాయింట్ల గీత అంచున నిలబడి వేస్తే బంతి రింగును తాకకుండా వలలోకి జారేది. ఇంకో విచిత్రం, బంతి చేతిలోంచి వదిలాక అది పడిందో లేదో చూసేది కాదు. వెనక్కి తిరిగి డిఫెన్స్‌కు పోయేది.

"ఏం హేమా, పడిందో లేదో సూసుకోవా?" అని అడిగాను ఒకసారి.

"మీరు గుర్తు పెడతారు కదా మేడం. తిరిగొచ్చినప్పుడు నేలమింద సూసుకుంటా" అంది.

ఆ పిల్లకు ఆట సరదా కోసం మాత్రమే కాదు. రాష్ట్ర జట్టుకు ఆడిన సర్టిఫికెట్ ఉంటే వ్యాయామ విద్య కాలేజీలో స్పోర్ట్స్ కోటా కింద సీటు వచ్చే వీలుంది. ఇంట్లో మాట ముందే అయిపోయింది. "ఇంటర్ అయినాక ఆటతో సీటొస్తే సదువుకో అన్నాడు మా నాయన. రాకపోతే ఇంటికాడుండమన్నాడు" అని నాతో చెప్పింది. అందులో ఫిర్యాదేమీ లేదు. బస్సు ఎన్ని గంటలకో చెప్పినట్టు చెప్పింది.

దసరా సెలవుల తర్వాత జిల్లా జట్టు కోచ్ సుబ్రమణ్యం సార్ మా పిల్లల ఆట చూడటానికి వచ్చాడు. ఆయన రేణిగుంటలో రైల్వేలో పనిచేసి రిటైరైనవాడు. డిసెంబరులో తిరుపతిలో జరిగే రాష్ట్ర జట్టు సెలక్షన్లలో మా జిల్లా పిల్లల వరకు ఆయన మాటే చివరి మాట. రెండు జట్లు చేసి పూర్తి మ్యాచ్ ఆడించాను. మొదటి సగం అయ్యేసరికి ఆయన నవ్వుతూ హేమ వైపే చూస్తున్నాడు. రెండో సగం ముగిసేసరికి నవ్వు పోయింది.

"ఫస్టాఫ్‌లో బంగారం, సెకండాఫ్‌లో ఇత్తడి. ఈ పాపను ఎంతసేపు ఆడించల్లో నాకు తెలీడం లేదు మేడం" అన్నాడు. "దమ్ము పెంచండి. మిగతాదంతా బాగుండాది."

అది నేను గమనించనిది కాదు. కొన్ని వారాలుగా హేమ పర్సెంటేజ్ దిగుతూ వస్తోంది. జట్టులో తలా ఒక కారణం చెప్పారు. కెప్టెన్ శాంతి అయితే, "మధ్యాన్నం క్యారియర్ నిండా పెరుగన్నం తింటాది మేడం, అదే నిద్ర" అంది. ఇంకో పిల్ల సెలక్షన్ భయమంది. ఏ కారణమైనా, మొత్తం పర్సెంటేజ్ చూస్తూ కూర్చుంటే తేలదు. అందుకని ఒక పని చేశాను. మొదటి సగంలో గుర్తులు తెల్ల చాక్‌పీసుతో, రెండో సగంలో ఎర్ర చాక్‌పీసుతో పెట్టడం మొదలుపెట్టాను. రెండూ ఒకేచోట పడాలని సగం మారినా జట్ల రింగులు మార్చనిచ్చేదాన్ని కాదు. ఇంటూ పెట్టినప్పుడు దాని పక్కన చిన్న గీత కూడా గీసేదాన్ని. బంతి ఎడమకు పోయిందా, కుడికి పోయిందా, రింగు దాటి పోయిందా, రింగుకు ముందే రాలిందా అని.

షాట్ తప్పడంలో చాలా రకాలున్నాయి. పక్కకు పోతే మోచేయి సరిగా లేదని అర్థం. దాటి పోతే ఆత్రం. ముందే రాలితే కాళ్ళు. చూసేవాళ్ళు షాట్ చేతిలోంచి వస్తుందనుకుంటారు గానీ అది మోకాళ్ళలోంచి పుడుతుంది. కాళ్ళలో సత్తువ అయిపోతే చెయ్యి ఎంత బాగా తిరిగినా బంతి రింగును అందుకోదు.

ఒక సాయంత్రం మ్యాచ్ అయ్యాక పిల్లలు నీళ్ళకు పోయారు. నేను కోర్టు మధ్యలో నిలబడి చూశాను. కుడివైపు ఆమె చోట తెల్ల సున్నాలు గుత్తులుగా ఉన్నాయి. వాటి మధ్య ఎర్ర ఇంటూలు. ప్రతి ఎర్ర ఇంటూ పక్కన ఒకే గీత, రింగుకు ముందే రాలినట్టు. ఒక్కటి కూడా పక్కకు పోలేదు, ఒక్కటి కూడా దాటలేదు. గురి చెక్కుచెదరలేదు. దూరం మాత్రమే చాలడం లేదు.

దమ్ము తక్కువైతే మా వృత్తిలో మందు ఒక్కటే, పరుగు. లైన్ డ్రిల్ అని ఉంటుంది. కోర్టు మీద ఒక్కో గీత దాకా పరుగెత్తి, వంగి నేలను తాకి, మళ్ళీ మొదటికి రావాలి. జట్టంతటికీ రోజూ పెట్టాను. రెండు మూడు వారాలు తిరిగేసరికి మిగతా పిల్లలందరూ తేలిగ్గా చేస్తున్నారు. హేమ మాత్రం వెనకబడుతోంది. ఇంకొకటి కూడా కనిపెట్టాను. ప్రతి పరుగు చివర ఆమె వంగి షూ లేసు కట్టుకునేది. నేను దగ్గరికి పోయి చూస్తే లేసు ఊడి ఉండేది కాదు. కట్టిన ముడినే మళ్ళీ విప్పి కడుతోంది. తల వంచుకుంటే ముఖం కనపడదు, రొప్పడం ఎవరి కంటా పడదు.

నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే. అలసిన పిల్లలను ఎంతోమందిని చూశాను. వాళ్ళు నడుం మీద చేతులు పెట్టుకుని ఆకాశం వైపు చూస్తారు, నన్ను తిట్టుకుంటారు, కూలబడతారు. ఎవరూ అలసటను దాచిపెట్టరు.

మర్నాడు మిగతా పిల్లలను శాంతికి అప్పగించి హేమను ఇంకో రింగు దగ్గరికి తీసుకుపోయాను. ముందు కాసేపు కూర్చోమన్నాను. బాగా కుదుటపడ్డాక ఆమె చోటు నుంచి షాట్లు వేయించాను. బంతి వెంట బంతి వలలో పడింది. తర్వాత కోర్టు ఈ చివరి నుంచి ఆ చివరికి పోయి రమ్మన్నాను, అంతే. వచ్చి అదే చోట నిలబడి వేసింది. మొదటిది రింగు ముందు అంచుకు తగిలింది. రెండోది రింగును తాకనే లేదు. దాన్ని ఎయిర్ బాల్ అంటారు. ఆ పిల్ల చేతిలోంచి ఎయిర్ బాల్ పోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇట్ల రా" అని చెయ్యి పట్టుకున్నాను. మణికట్టు దగ్గర నాడి పిట్ట గుండెలా కొట్టుకుంటోంది. నిమిషాలు గడిచినా తగ్గలేదు. అవతలి రింగు దగ్గర అంతకు రెట్టింపు పరుగెత్తిన పిల్లలు అప్పటికే కబుర్లు చెప్పుకుంటున్నారు.

"ఎన్నాళ్ళ నుంచి ఇట్ల ఉండాది?"

"ఏమీ లేదు మేడం. బస్సులో నిలబడొచ్చినా, అందుకే."

"రాత్రి నిద్ర పడతా ఉండాదా?"

నేలకేసి చూస్తూ, "పడుకుంటే దగ్గొస్తాది మేడం. లేసి గోడకానుకొని కూసుంటే పోతాది. అట్లనే కూసోని నిద్రపోతా" అంది.

వ్యాయామ విద్యలో మాకు శరీర శాస్త్రం ఒక పేపరు. అందులో గుండె గురించి చదివినది సగం మర్చిపోయాను. పడుకుంటే ఆయాసం, కూర్చుంటే నయం అన్న మాట మాత్రం మర్చిపోలేదు. సెలక్షన్లకు ఇంకో వారం కూడా లేదు. నేను అనుకున్నది తప్పయితే, లేని జబ్బు పేరు పెట్టి ఆ పిల్ల సీటు నేనే పోగొట్టినదాన్నవుతాను. ఒప్పయితే ఏమవుతుందో ఊహించుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు.

ఆదివారం పొద్దున బస్సెక్కి వాళ్ళ ఊరు పోయాను. మునిరత్నం ఇంటి పక్కనే గానుగ దగ్గర ఉన్నాడు. పొయ్యి మీద పెద్ద పెనంలో చెరకు రసం మరిగి చిక్కబడుతోంది. ఆయన పొడుగాటి గరిటెతో కలుపుతూ, నన్ను చూసి తల ఊపాడు.

"కూసోండి మేడం. పాకం వచ్చే టైము, వదిలిపెట్టేదానికి లేదు."

ఆయన కలుపుతుండగానే చెప్పాను. షాట్ల సంగతి, లేసు సంగతి, నాడి సంగతి. దగ్గు సంగతి ఆయనకు తెలుసు. మంచు కాలం కదా అనుకున్నాడు. చిన్నప్పుడు ఏదైనా జబ్బు చేసిందా అని అడిగాను.

"జబ్బంటే ఏమీ లేదు. మూడో తరగతిలో మోకాలు వాసింది. యాడన్నా పడిందేమోనని పుత్తూరుకు ఎత్తుకపోయినాను, కట్టు కట్టించేదానికి. ఆడికి పొయ్యేసరికి మోకాలు తగ్గి మడమ వాసింది. కట్టు కట్టే ఆయప్ప సూసి, ఇది ఎముక కాదప్పా, జొరముండాది, డాక్టరుకు సూపించు అన్నాడు. ఇంటికొచ్చినాంక నాలుగు దినాల్లో అదే తగ్గిపోయింది. ఇంక యాడికీ పోలేదు."

హేమ తల్లి సరోజమ్మ కొంగు అడ్డం పెట్టుకుని అంతా వింటోంది. నేను గుండె అన్న మాట అనగానే దగ్గరికొచ్చింది.

"మేడం, ఆ మాట ఊర్లో అనొద్దండి. రేపు పెండ్లి కావాల్సిన పిల్ల."

"అనను సరోజమ్మా. కానీ తిరుపతికి తీసకపోవల్ల. ఆలస్యం చేసేదానికి లేదు."

మునిరత్నం గరిటె ఆపలేదు. "గురువారం సెలక్షన్లకు ఎట్లాగూ తిరప్తికి పోతాం కదా. పొద్దున ఆస్పత్రి, మద్దేనం ఆట. రెండూ అయిపోతాయి" అన్నాడు. డాక్టరు చూడకముందు ఆడించను అని మాత్రం చెప్పాను. ఆయన సరేనన్నాడు. హేమ ఇంటి తలుపు దగ్గర నిలబడి వింటోంది. గురువారం వచ్చేటప్పుడు సంచిలో షూ, జెర్సీ పెట్టుకుని వచ్చింది.

తిరుపతి పెద్దాసుపత్రిలో ఆ రోజు జనం ఎక్కువ. సుబ్రమణ్యం సార్‌కు ముందే చెప్పి పెట్టాను. "పాపను అందరికంటే చివర పిలుస్తాలే మేడం. మూడున్నర లోపల తీసుకురండి" అన్నాడు. ఇసిజి అయింది. తర్వాత గుండెను తెర మీద చూపించే ఎకో పరీక్ష కోసం కూర్చున్నాం. హేమ సంచిని ఒళ్ళో పెట్టుకుని గోడ గడియారం వైపు చూస్తోంది. నేనూ అదే చూస్తున్నాను. మా ఇద్దరి భయాలు వేరు. ఆమెకు ఆలస్యమవుతుందని, నాకు లోపల ఏం కనపడుతుందోనని. మునిరత్నం ఎవరి వైపూ చూడకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఎకో చూసిన డాక్టరమ్మకు నలభై ఏళ్ళుంటాయి. తెర మీదినుంచి కళ్ళు తిప్పకుండా, "ఈ పాప ఏం చేస్తుంది?" అని అడిగింది.

"ఇంటర్ చదువుతూ ఉండాది. బాస్కెట్‌బాల్ ఆడతాది" అన్నాను.

"ఎప్పటి దాకా ఆడింది?"

"మొన్నటి దాకా."

ఆవిడ అప్పుడు తిరిగి చూసింది. నన్ను కాదు, హేమను. తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. గుండెలో పై గదికీ కింది గదికీ మధ్య తలుపులాంటి కవాటం ఉంటుంది, పేరు మైట్రల్ వాల్వ్. చిన్నప్పుడు కీళ్ళు వాచి వచ్చిన జ్వరం మామూలు జ్వరం కాదు. రుమాటిక్ ఫీవర్ అంటారు. కీళ్ళ వాపు దానంతటదే తగ్గిపోతుంది కానీ ఆ జ్వరం గుండె కవాటాన్ని పాడుచేసి పోతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ తలుపు రెక్కలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. హేమకు ఇప్పుడు సన్నటి సందు మాత్రమే మిగిలింది.

"ఊరికే కూర్చున్నప్పుడు ఆ సందులోంచి రక్తం ఎలాగో పోతుంది. పరుగెత్తితే అంత రక్తం అందులో పట్టదు. వెనక్కి నిలిచి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అందుకే ఆయాసం, దగ్గు."

హేమ సంచి పట్టీని చేతికి చుట్టుకుంటూ విప్పుకుంటూ వింది. "డాక్టరమ్మా, ఈ పొద్దు ఒక్క ఆట ఆడేసి వచ్చి చేరతాను. మొదటి సగమే. అంతవరకు నాకు బాగుంటాది."

"లేదమ్మా. ఆడుతూ ఆడుతూ పడిపోతే లేపడం మా చేతిలో ఉండదు."

హేమ నా వైపు తిరిగింది. ఆ పిల్ల గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు, అప్పుడూ పెంచలేదు.

"నా షాట్లు లెక్కబెట్టింది నన్ను ఆపేదానికా మేడం?"

ఆమె భుజం మీద చెయ్యి వేస్తే తీసేసింది. బయటికి వచ్చి రోడ్డు పక్కన టెలిఫోన్ బూత్ నుంచి స్టేడియం ఆఫీసుకు ఫోన్ చేసి సుబ్రమణ్యం సార్‌ను పిలిపించాను. సంగతి చెప్పాను. "ఆ పాపకు దమ్ము పెంచమని చెప్పింది నేనే కదమ్మా" అన్నాడు. అంతవరకు నన్ను మేడం అనేవాడు. ఆ రోజే మొదటిసారి అమ్మా అన్నాడు.

డాక్టర్లు కోసి చేసే ఆపరేషన్ అవసరం లేదన్నారు. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టాన్ని గుండె దాకా పంపి, దాని చివరనున్న చిన్న బెలూన్‌ను కవాటంలో ఊది, అతుక్కున్న రెక్కలను విడదీస్తారట. మందులిచ్చి, ఇంకా పరీక్షలు చేసి, మరుసటి వారం చేస్తామన్నారు. బెలూన్ అన్న మాట మునిరత్నానికి అర్థం కాలేదు. నన్ను మళ్ళీ మళ్ళీ అడిగాడు. అర్థమయ్యాక ఇంకా భయపడ్డాడు.

"అది లోపల పగిలిపోతే?"

"పగలకుండా చేసేదానికే వాళ్ళు ఉండేది" అన్నాను. నాకూ లోపల అదే అనుమానం.

బెలూన్ వేసే రోజు నేనూ సెలవు పెట్టి పోయాను. లోపలికి తీసుకుపోయేటప్పుడు హేమ తల్లిని చూసింది, తండ్రిని చూసింది, నన్ను చూడలేదు. గంటలో అయిపోతుందని చెప్పారు. గంట దాటింది. లోపల్నుంచి ఒక నర్సు గబగబా వచ్చి, ఏదో తీసుకుని అంతే గబగబా లోపలికి పోయింది. సరోజమ్మ ఆమె వెనకే తలుపు దాకా వెళ్ళి, తలుపు మూసుకుపోతే అక్కడే నిలబడిపోయింది. అడగడానికి ఎవరూ లేరు. ఆ గది బయట నాకు తోచినవన్నీ రాస్తే పుస్తకమవుతుంది. ఒక్కటి చెబుతాను. ఏ షాట్ ఎక్కడ తప్పుతుందో వెయ్యకముందే చెప్పగలనని నాకు పేరు. అక్కడ కూర్చుంటే ఆ నర్సు నడక మంచికో చెడుకో కూడా చెప్పలేకపోయాను.

మునిరత్నం నా పక్కన కూర్చుని ఉన్నట్టుండి మాట్లాడాడు. "పాకం ఎప్పుడు దించల్లో చేతికి తెలుస్తాది మేడం. గరిటె బరువు మారతాది. ఈడ నాకు ఏమీ తెలీడం లేదు."

ఇంకా చాలాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చింది. ముఖానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి, "తలుపు బాగా తెరుచుకుంది. గొట్టం లోపలికి దిగడానికి కొంచెం సతాయించింది, అందుకే ఆలస్యం" అంది. మునిరత్నం లేచి నిలబడి దండం పెట్టాడు, మళ్ళీ కూర్చున్నాడు. సరోజమ్మ అప్పుడు ఏడ్చింది.

మర్నాడు వార్డుకు పోయాను. హేమ మంచం మీద పడుకుని ఉంది. తల కింద ఒక్కటే దిండు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. పైకప్పు వైపు చూస్తూ చెప్పింది.

"మేడం, రాత్రి వెల్లకిలా పండుకోని నిద్రపోయినా. దగ్గు రాలేదు."

దుప్పటి సర్దాను.

రాష్ట్ర జట్టు ఆమె లేకుండానే పోయింది. పోటీల్లో ఆడకూడదని డాక్టర్లు గట్టిగా చెప్పారు. ఆ జ్వరం తిరగబెట్టకుండా మూడు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్, అదీ ఏళ్ళ తరబడి వేయించుకోవాలన్నారు. ఆటతో సీటు రాదు కాబట్టి చదువు ఆగిపోతుందని నేను దిగులు పడ్డాను. మునిరత్నం మాత్రం జూన్‌లో ఆమెను తిరుపతిలో డిగ్రీకి చేర్పించాడు. "సూదికి ఎట్లాగూ ఆడికి పోవల్ల కదా మేడం. ఆడే ఉండి సదువుకుంటాదిలే" అన్నాడు.

చేరబోయే ముందు ఒక సాయంత్రం హేమ మా కోర్టుకు వచ్చింది. పరుగు లేకుండా నిలబడి వేసే షాట్లకు డాక్టర్లు ఒప్పుకున్నారట. రింగుకు ఎదురుగా ఉండే ఫ్రీ త్రో గీత మీద నిలబడి నిదానంగా వేస్తూ పోయింది. ఈసారి ప్రతి బంతి వెంటా చూపు పోతోంది. నేను ఊరికే చూస్తూ నిలబడ్డాను.

"గుర్తు పెట్టరా మేడం?" అని అడిగింది.

"నువ్వే సూస్తా ఉండావు కదా" అన్నాను. నవ్వింది. ఆస్పత్రి గదిలో అన్న మాట గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

తర్వాత హేమ బి.ఇడి. చేసి పుత్తూరు వైపు ఒక హైస్కూల్లో లెక్కల టీచరైంది. 2004లో ఒకరోజు కాలేజీకి ఫోన్ చేసింది. వాళ్ళ బడిలో ఏడో తరగతి పిల్ల గౌరి. వారంగా ఒకసారి మోకాలు, ఒకసారి మోచెయ్యి వాస్తోందట. "పడినాదని ఇంట్లో అంటా ఉండారు మేడం. నేను రేపే తిరప్తికి పిలుచుకుపోతాండా" అంది. నా సలహా కోసం చేసిన ఫోన్ కాదది. చెప్పడానికి చేసింది, అంతే. గౌరికి సరిగ్గా ఆ జ్వరమే. గుండెకు తగిలీ తగలనట్టు ఉండగానే కనిపెట్టారు. ఇంజెక్షన్లు మొదలయ్యాయి. కొన్నేళ్ళు చూశాక ఆడుకోవచ్చని డాక్టర్లు రాసిచ్చారు. ఆ పిల్లే పదో తరగతి అయ్యాక మా కాలేజీలో చేరింది, మా జట్టులో ఆడింది.

ఈ వృత్తిలో పర్సెంటేజ్ లెక్కలు నేను మానలేదు. ఇప్పటికీ అవి లేకుండా జట్టును ఎంచను. కానీ హేమ కేసు తర్వాత రెండు పనులు కొత్తగా చేర్చుకున్నాను. జూన్‌లో కొత్త పిల్లలు రాగానే చిన్నప్పుడు ఎప్పుడైనా కీళ్ళు వాచాయా అని ఒక్కొక్కరినీ అడుగుతాను. పరుగు అయ్యాక అందరి మణికట్టూ పట్టుకుని చూస్తాను. షాట్ పడిందా లేదా అని చూసినప్పుడు నాకు ఆట తెలుస్తుంది. ఎలా తప్పిందో చూసినప్పుడు ఆడే మనిషి తెలుస్తుంది. ఈ రెండోది నాకు ఎవరూ నేర్పలేదు. హేమ ఆటను పోగొట్టుకుని నేర్పింది.

గౌరి రాష్ట్ర సెలక్షన్లలో ఆడిన రోజు తిరుపతిలో గ్యాలరీలో హేమా నేనూ పక్కపక్కనే కూర్చున్నాం. ఆడవచ్చని డాక్టర్లు చెప్పినా నాకు భయం పోలేదు. రెండో సగం మొదలయ్యాక గౌరి ప్రతి పరుగు చివరా నేను ఆమె ఛాతీ వైపు, నోటి వైపు, లేసుల వైపు చూస్తూ కూర్చున్నాను. హేమ కూడా అదే చూస్తోందని ఆమె వైపు తిరగకుండానే తెలిసింది. ఆట అయిపోయింది. గౌరి నడుం మీద చేతులు పెట్టుకుని, తల పైకెత్తి, అందరు పిల్లల్లాగే రొప్పుతూ నిలబడింది.

"ఎన్ని ఏసింది మేడం, ఎన్ని పడినాయి?" అని అడిగింది హేమ.

"తెలీదు" అన్నాను. "నువ్వు సూసినావా?"

"నేనూ సూడలేదు" అంది.